టోపీ కింది తల

శనివారం పొద్దున పదకొండింటికి ఆస్పత్రి గదిలో అడుగు పెట్టిన పిన్నిగారు ముందు చూసింది మంచం మీది రోగిని కాదు. రోగి పక్కన కుర్చీలో కూర్చున్నవాడి మోకాలి మీదున్న టోపీని. బూడిదరంగు ఉన్నిటోపీ. చుట్టూ గోధుమరంగు రిబ్బను, అంచు మీద కందిగింజంత సిరా మరక.

పిన్నిగారంటే నిజానికి ఎవరికీ పిన్ని కాదు. ఇరవై రెండేళ్లు రైల్వే స్టేషన్లో పోయిన సామాన్ల ఆఫీసులో కూర్చుని, గొడుగులూ, కళ్లజోళ్లూ, ఒకసారైతే ఒక పెద్దమనిషి పెట్టుడుపళ్లూ సొంతదార్లకి అప్పజెప్పిన మనిషి. రిటైరయ్యాక చేతులు ముడుచుకుని కూర్చోలేక డిటెక్టివ్ పనిలోకి దిగింది. "పిన్నిగారూ, మా వస్తువు పోయింది" అని ఆ రోజుల్లో అందరూ పిలిచిన పిలుపు అలాగే అంటుకుపోయింది.

మంచం మీద ఉన్నది బొమ్మలాయన. పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీసి గీసి అరవై ఆరేళ్లు తెచ్చుకున్నాడు. గురువారం సాయంత్రం తన మేడగదిలో తల పగిలి పడిపోయినవాడు ఇంతవరకూ కన్ను తెరవలేదు. కట్టు కింద ముఖం ముడుచుకుపోయిన ఆకులా ఉంది. దుప్పటి మీద కుడిచెయ్యి మాత్రం, పెన్సిలు పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు, వేళ్లు కలిపి ఉంది.

పక్కనున్నవాడు ఆయన శిష్యుడు. బొమ్మల బడిలో మేష్టరు. నలభై ఏళ్లుంటాయి. చక్కటి మాట, చక్కటి నడత. రెండు రోజులుగా కుర్చీ వదల్లేదని నర్సు ముచ్చటపడిపోతోంది.

"కన్నకొడుకైనా ఇంత చెయ్యడు నాయనా" అంది పిన్నిగారు స్టూలు లాక్కుంటూ.

"గురువుగారి రుణం పిన్నిగారూ."

"గురువారం నువ్వు ఎన్నింటికి వెళ్లావు?"

"మూడూ నలభై ఐదుకి మేడెక్కాను. టోపీల పుస్తకం ఇద్దరం ఓసారి తిరగేశాం. సోమవారం గ్యాలరీవాళ్లు తీసుకెళ్లాలి కదా. నాలుగూ పదికి వచ్చేశాను. ఇన్‌స్పెక్టరుగారికీ అదే చెప్పాను."

"అప్పటికి ఆయన బాగానే ఉన్నారా?"

"నవ్వుతూ ఉన్నారు." శిష్యుడు దుప్పటి అంచు సర్దాడు. "మేనకోడలి మీద బెంగ మాత్రం ఉంది. ముందురోజు ఆవిడ అన్న మాటలు ఊరంతా విన్నారు కదా. నేను చెప్పకూడదు."

చెప్పకూడదంటూనే చెప్పేశాడు. ఇలాంటివాళ్లని ఆ ఆఫీసులో కోకొల్లలుగా చూసింది ఆవిడ. గొడుగు నాదని వచ్చినవాణ్ణి నిలదీసేది కాదు. "ఏదీ, ఓసారి విప్పు బాబూ" అనేది. సొంతదారు చెయ్యి కళ్లు మూసుకుని గుండీ దగ్గరికి పోతుంది. దొంగ చెయ్యి తడుముకుంటుంది. నోటికున్నంత తెలివి చేతికి ఉండదని ఆవిడ లెక్క.

"నాయనా, ఊరికే కూర్చున్నావు కదా. టోపీ పెట్టుకుంటే ఈ ముసల్ది ఎలా ఉంటుందో ఓ బొమ్మ గీసిపెట్టు. ఆ ముచ్చటొకటి మిగిలిపోయింది."

శిష్యుడు నవ్వాడు. మందుల చీటీ వెనక్కి తిప్పి పెన్సిలు తీశాడు. పిన్నిగారు ముఖం కదపలేదు గానీ కళ్లు కాగితం మీదే పెట్టింది. ముందు కోడిగుడ్డంత గుండ్రం. దాని మధ్య నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. కళ్లు, ముక్కు, గడ్డం. ఆ తర్వాత గుడ్డు నెత్తిన టోపీ.

"ముందు గుడ్డెందుకు నాయనా?"

"పుర్రె పిన్నిగారూ. పుర్రె లేకుండా టోపీ నిలవదు. మా బడిలో మొదటి పాఠమే ఇది." టోపీలోంచి కనిపిస్తున్న గుడ్డు గీతని రబ్బరుతో తుడిచేసి చీటీ చేతికిచ్చాడు.

"పెళ్లిచూపులకి పంపించేలా ఉంది" అని మురిసిపోయి, ఆ చీటీ సంచిలో దాచుకుంది. వరండాలోకి వచ్చాక నర్సు చెయ్యి పట్టుకుంది. "తల్లీ, ఆయన కన్ను తెరిస్తే ముందు నాకు చెప్పు. టోపీల షాపుకి ఫోన్ చెయ్యి. అక్కడే ఉంటాను."

*

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆవిడ టోపీల షాపు గుమ్మంలో ఉంది. లోపల ఇన్‌స్పెక్టరు చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. చూసుకోకపోతే ఆశ్చర్యం. ఊరు ఆయనకి గడియారం అనే పేరు పెట్టింది ఊరికే కాదు.

"మూడూ రెండు. మీకు ఇరవై నిమిషాలు పిన్నిగారూ. ఐదింటికి ఈవిణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అసలు మిమ్మల్ని లోపలికి రానివ్వడమే నా మంచితనం."

"నీ మంచితనం నాకు తెలీదా బాబూ. పోయిన ఏడు రెండు గొడుగులు పోగొట్టుకున్నప్పుడు నా దగ్గరికే వచ్చావు."

గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఈవిడంటే బొమ్మలాయన మేనకోడలు. కింద టోపీల షాపు ఆవిడది, వాళ్లమ్మ నుంచి వచ్చింది. మేడ మీద మేనమామ. ముప్పై ఐదేళ్ల మనిషి, రెండు రోజుల్లో ఏడేళ్లు పైబడ్డట్టు కనిపించింది. ఆవిరికి ఉడికి ఉడికి ఎర్రబడ్డ వేళ్లు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"పిన్నిగారూ, మావయ్య కన్ను తెరిచాడా?"

తను జైలుకి పోబోతూ మొదట అడిగిన మాట అది. పిన్నిగారు లేదని తల ఊపి పక్కనే చతికిలబడింది. "బుధవారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ. ఎవరో చెప్పింది వినడం నాకు చేతకాదు."

"పోట్లాడాను. ఆ పుస్తకం గ్యాలరీకి ఇవ్వొద్దన్నాను. మావయ్యకి ఇరవై ఏళ్లప్పుడు ఈ షాపులోనే కూర్చుని గీసిన బొమ్మలవి. ముప్పై రెండు. అందరూ టోపీలు పెట్టుకున్నవాళ్లే. ఆఖరుది మా అమ్మ. అమ్మది ఇంకో బొమ్మ గానీ ఫోటో గానీ లేదు పిన్నిగారూ. నాకు నాలుగేళ్లప్పుడు పోయింది. అద్దాలపెట్టెలో పెట్టి తాళం వేస్తారట, నేను టిక్కెట్టు కొనుక్కుని అమ్మని చూడాలట. ఒళ్లు మండి..." ఆవిడ ఒళ్లోని వేళ్లు నులుముకుంది. "నీ చెయ్యి పడిపోను అన్నాను. వీధి అంతా విన్నది. మర్నాడే పడిపోయాడు."

"నోటిమాటకి పుర్రెలు పగలవు తల్లీ."

"నోటిమాటకి పగలవు, ఇత్తడి దీపపుకుందికి పగులుతాయి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "రాసుకోండి. నాలుగూ పదికి శిష్యుడు బయటికి వెళ్లాడు. ఎదురింటి మందుల షాపాయన చూశాడు. నాలుగున్నరకి మేడ మీద పెద్ద చప్పుడు. అదీ ఆయనే విన్నాడు. మేడకి మెట్లు షాపు లోపలినుంచే. షాపులో ఉన్నది ఈవిడొక్కతే. నాలుగూ యాభైకి అరిచింది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పుస్తకం ఆ పెట్టెలో దొరికింది." కౌంటరు కింద ఉన్న పెద్ద చెక్కపెట్టెని బూటుతో చూపించాడు. టోపీలకి ఆకారం పట్టే చెక్కతలలు అందులో బోర్లా పడుకుని ఉన్నాయి, కన్నూ ముక్కూ లేని జనం. "ఇంతకంటే ఏం కావాలి? మీకు ఇంకా పదహారు నిమిషాలు."

పిన్నిగారు వేళ్లు మడిచింది. "చెక్కతలల పెట్టె వెతకమని నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితేనేం? శిష్యుడు సాయం చేశాడు. గురువుగారి మీద ప్రేమతో."

"ఓహో. నాలుగూ పది అన్న మాట ముందు ఎవరి నోట్లోంచి వచ్చింది? అతనిదా, నీదా?"

ఇన్‌స్పెక్టరు గడియారం పట్టీ సర్దుకున్నాడు. "నాలుగూ పదికి వెళ్లిపోయారట కదా అని నేనే అడిగాను. అవునన్నాడు."

"అంటే టైము నువ్వు వడ్డించావు, అతను తిన్నాడు." పిన్నిగారు గుమ్మంలోకి నడిచి, ఎదురింటి మందుల షాపాయన్ని చెయ్యెత్తి పిలిచింది. ఆయన బట్టతల నిమురుకుంటూ రోడ్డు దాటాడు.

"గురువారం నాలుగూ పదికి ఎవరిని చూశారు బాబుగారూ?"

"శిష్యుణ్ణి. రేడియోలో అప్పుడే వార్తలైపోయాయి, అందుకే టైము గుర్తు. బూడిదరంగు టోపీ, నల్ల రిబ్బను."

"ముఖం?"

"ముఖమెక్కడిదమ్మా! నేను మేడ మీద మందుల అట్టపెట్టెలు సర్దుతున్నా. పైనుంచి చూస్తే టోపీయే కదా కనిపించేది. ఆ టోపీ వేసుకునేది అతనే కదా అని..."

"నల్ల రిబ్బనే. ఖాయమా?"

"మా ఆవిడ మీద ఒట్టు" అన్నాడు. కొంచెం ఆలోచించి, "ఖాయమే" అన్నాడు.

మేనకోడలు చటుక్కున లేచింది. "నల్ల రిబ్బనా? అది సంగీతం మాష్టారిది! రిబ్బను మార్చమని ఇచ్చారు. గురువారం వచ్చి పెట్టుకుని వెళ్లారు. ఇదిగో చీటీ." మేకుకి గుచ్చిన చీటీల్లోంచి ఒకటి లాగింది. "అది ఇచ్చేశాకే నేను వెనక ఆవిరి గదిలోకి వెళ్లాను. అప్పటిదాకా శిష్యుడు కిందికి దిగడం చూళ్లేదు."

"శిష్యుడి టోపీకి గోధుమరంగు రిబ్బను" అంది పిన్నిగారు. "ఇవాళ పొద్దున నా రెండు కళ్లతో చూశాను. ఆవిరి గదిలో ఎంతసేపున్నావు తల్లీ?"

"నాలుగూ నలభై అయిదు దాకా. ఆవిరి పట్టిన ఉన్ని చల్లారేలోపు చెక్కతల మీదికి లాగి తాడు బిగించాలి. మధ్యలో వదిలితే ఎండిన గుమ్మడికాయలా వంకరపోతుంది. కెటిల్ మూత టకటకలకి లోపల పిడుగు పడినా వినపడదు." ఆవిడ అరమీది టోపీని చూపించింది. ఊదారంగుది, ఎక్కడా చిన్న ముడత లేదు.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్‌ని సంగీతం మాష్టారి ఇంటికి పంపాడు. పంతం మాత్రం తగ్గలేదు. "సరే, శిష్యుడు ఎప్పుడు వెళ్లాడో తెలీదనుకుందాం. అయినా అతనికి ఏం పట్టింది? పుస్తకం దొంగిలించాలంటే పట్టుకుపోతాడు గానీ, ఇక్కడ వదిలేస్తాడా? పుస్తకం దొరికింది కదా పిన్నిగారూ! దొరికిందా లేదా?"

పిన్నిగారికి అక్కడ ముల్లు గుచ్చుకుంది. నిజమే, దొరికింది. అడగ్గానే, వెతకమన్న చోటే, నలగకుండా దొరికింది. ఇరవై రెండేళ్లలో అంత బుద్ధిగా దొరికిన వస్తువుని ఆవిడ ఎరగదు.

"ఏదీ, ఆ పుస్తకం."

"సాక్ష్యం. తాకడానికి వీల్లేదు."

"నేను తాకను. నువ్వే తిప్పు. ఆ పిల్లకి వాళ్లమ్మ బొమ్మ ఒక్కసారి చూపించు. జైలుకి పంపేముందు ఆ మాత్రం పుణ్యం కట్టుకో."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు, మేనకోడలి ముఖం చూశాడు, సీలు కవరు విప్పాడు. పాత నీలం అట్ట. ఆఖరి పేజీ తెరిచి కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. వెడల్పాటి అంచు టోపీ కింద ఇరవై అయిదేళ్ల ఆడమనిషి, ఏదో కొంటెమాట అనబోతున్నట్టు పెదవి వంకర.

మేనకోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"అమ్మకి టోపీలోంచి తల కనిపిస్తోందేంటి?"

"ఏం తల?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అదిగో, టోపీ లోపల గుండ్రంగా సన్నటి గాడి. అమ్మకి తల లేదు పిన్నిగారూ!" అని, తనన్నదేమిటో తనకే తెలిసి నాలిక కరుచుకుంది. "అంటే మావయ్య తలలు గీయడు. ముందు టోపీ గీస్తాడు. అమ్మ తమ్ముడిని వెక్కిరించేదట: నీకు జుట్టు గీయడం చేతకాక జనాలకి టోపీలు పెడుతున్నావురా అని. అసలు సంగతేంటంటే, పొద్దున షాపులో బేరాలుండవు, అరమీద టోపీలుంటాయి. టోపీలు కదలవు కదా. తీరిగ్గా టోపీ గీసుకుని కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి ఆ టోపీ పెట్టి చూసుకుంటే, రెండు నిమిషాల్లో కింద ముఖం దింపేసేవాడు. ఎవరూ పెట్టుకోకపోతే టోపీ అలాగే ఉండిపోయేది. ఇప్పటికీ అంతే. ముందు టోపీ, తర్వాత మనిషి."

"గుడ్డుకి ఈకలు పీకుతున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కుర్రతనంలో తల గీసి తుడిచేసి ఉండొచ్చు."

పిన్నిగారు గుడ్డన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది: "తల్లీ, అలా మిగిలిపోయిన టోపీ ఒక్కటైనా ఈ ఇంట్లో ఉందా? పుస్తకంలోది కాకుండా?"

మేనకోడలు పరుగున ఆవిరి గదిలోకి వెళ్లి, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న కాగితం తెచ్చింది. తేమకి అంచులు పసుపెక్కాయి. మధ్యలో టోపీ ఒక్కటే. దాని కింద ఎవరూ రాలేదు.

"నువ్వే చూడు బాబూ" అంది పిన్నిగారు. "నా కళ్లు ముసలివి. కాగితాన్ని వెలుతురికి ఏటవాలుగా పట్టుకో. రబ్బరు గీతని తింటుంది గానీ గాడిని తినలేదు."

ఇన్‌స్పెక్టరు పాత కాగితం వంచి చూశాడు. టోపీ లోపల నున్నగా ఉంది, ఏమీ లేదు. పుస్తకం తెరిచి మొదటి పేజీ వంచాడు. టోపీ లోపల గుండ్రటి గాడి. రెండో పేజీ, గాడి. పదో పేజీ, ఇరవయ్యో పేజీ. ప్రతి టోపీ కిందా కోడిగుడ్డంత పుర్రె, తుడిచేసినా పోని పుర్రె. పేజీలు తిప్పే చెయ్యి నెమ్మదించింది.

పిన్నిగారు సంచిలోంచి మందుల చీటీ తీసి పుస్తకం పక్కన పెట్టింది. "ఇది నేను. ఇవాళ పొద్దున శిష్యుడు గీశాడు. వంచి చూడు."

వంచి చూశాడు. అదే గుడ్డు. అదే నిలువు గీత, అదే అడ్డ గీత.

"చక్కగా చదువుకున్నవాడు పాపం" అంది పిన్నిగారు. "ముసలాయన గీత, వంపు, మనుషుల వంకర పెదవులు అన్నీ దించేశాడు. బడిలో నేర్చిన మొదటి పాఠం మాత్రం చేతిలోంచి పోలేదు. పుర్రె లేకుండా టోపీ నిలవదని అతని చేతికి భయం. ఈ పుస్తకం ఎవరి దగ్గరుంది తల్లీ ఈమధ్య?"

"జాబితా రాస్తానని నాలుగు నెలలు అతని దగ్గరే. గురువారమే తెచ్చిచ్చాడు."

"గురువారం ముసలాయన తెరిచాడు. తన బొమ్మలకి తలలు మొలిచాయని కనిపెట్టాడు. నాలుగున్నరకి చప్పుడైంది. ఇతను కిందికి దిగుతూ ఈ దొంగ పుస్తకాన్ని చెక్కతలల పెట్టెలో పెట్టాడు. ఎందుకు పెట్టాడన్నావుగా బాబూ? పోయిన వస్తువునైతే ఊరంతా వెతుకుతుంది. దొరికిన వస్తువుని ఎవరూ వెతకరు. పుస్తకం దొరికింది, దొంగ దొరికింది, ఇక అసలు పుస్తకం ఎక్కడుందని ఎవరడుగుతారు? నీ చేత్తోనే సీలు వేయించాడు."

కానిస్టేబుల్ ఆయాసపడుతూ వచ్చాడు. "సంగీతం మాష్టారేనండీ. నాలుగూ పదికే ఇక్కడినుంచి వెళ్లారట. నల్ల రిబ్బను."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ మనిషి క్షమించమనడం ఎవరూ వినలేదు, ఆ రోజూ వినలేదు. మేనకోడలి వైపు తిరిగి, "మీరు కూర్చోండమ్మా" అన్నాడు. అంతవరకూ ఆవిణ్ణి ఏకవచనంలోనే పిలిచాడు.

"శిష్యుడు ఎక్కడున్నాడిప్పుడు?" అని, అడుగుతూనే ఆగిపోయాడు. జవాబు ముగ్గురికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే కౌంటరు మీద ఫోన్ మోగింది. పిన్నిగారు ఎత్తింది. అవతల నర్సు గొంతు, పండగ చేసుకుంటున్నట్టుంది.

"పిన్నిగారూ, పెద్దాయన కళ్లు తెరిచారండీ! మాట రాలేదు గానీ చెయ్యి కదిపారు. పెన్సిలు కావాలని వేళ్లతో సైగ చేస్తే నా చార్టు వెనక్కి తిప్పి ఇచ్చాను."

"చెయ్యి కదిలిందిట" అంది పిన్నిగారు. మేనకోడలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పడిపోను అని తను తిట్టిన చెయ్యి కదిలింది.

"ఏం గీశారు తల్లీ?"

"టోపీ అండీ! ఎంత బాగా గీశారో. రిబ్బను, అంచు మీద సిరాచుక్క కూడా పెట్టారు."

పొద్దున శిష్యుడి మోకాలి మీద చూసిన టోపీ పిన్నిగారి కళ్ల ముందుకొచ్చింది. "టోపీ కింద?"

"ఇంకా ఏం లేదండీ. ముఖం మొదలుపెట్టబోతుంటే శిష్యుడుగారు, గురువుగారు అలిసిపోతారు, నేను చూసుకుంటాను, మీరెళ్లి వేడినీళ్లు తెండి అని కాగితం తీసుకున్నారు. పాపం కళ్లనీళ్లు పెట్టుకున్నారండీ. నీళ్లకి వెళ్తూ మీకు చెప్పిపోదామని..."

"నీళ్లు తగలబడనీ! ఫోన్ అక్కడ పడేసి వెనక్కి పరిగెత్తు. ఆ గదిలో ఆయన్ని ఒంటరిగా వదలకు. పరిగెత్తు తల్లీ!"

ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మం దాటాడు. మేనకోడల్ని కోర్టుకి తీసుకెళ్లడానికి తెచ్చిన జీపు ఆస్పత్రి వైపు తిరిగింది. మూడూ ఎంతయిందో ఆయన చూసుకోలేదు.

పిన్నిగారు ఫోన్ చెవికి ఆనించుకునే నిలబడింది. మేనకోడలు వచ్చి పక్కనుంచి తన చెవీ ఆనించింది. అవతల నర్సు వదిలేసిన ఫోన్‌లోంచి ఆస్పత్రి వరండా వినిపిస్తోంది. చెప్పుల టపటప దూరమైంది, ఆగింది. తలుపు మీద ఒక దెబ్బ. మళ్లీ రెండు.

తర్వాత నర్సు గొంతు, దూరంగా, సన్నగా:

"అయ్యా! లోపల గడియ ఎందుకు పెట్టుకున్నారండీ?"